కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చుట్టూ తిరిగాయి. డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, బండి కింద తడి లేదు, మెకానిక్ చూసీ చూడగానే 'హెడ్ దించాలి' అంటున్నాడు. హెడ్ అంటే ఇంజన్ సిలిండర్ల మీద బిగించే పై భాగం. దించాల్సి రావచ్చు. కానీ ముందు దించేసి ఆ తర్వాత కారణం వెతకడం తలకిందుల పద్ధతి. హెడ్ మీద చెయ్యి వేయకముందే కూలెంట్ ఏ దారిన పోతోందో తేల్చే పరీక్షలు ఉన్నాయి. వాటి ఖర్చు హెడ్ పని ఖర్చులో చిన్న వంతు.

ప్రశ్న: నాది 2016 పెట్రోలు కారు. పొద్దున స్టార్ట్ చేయగానే అర నిమిషం మిస్సింగ్, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ. ఆ తర్వాత రోజంతా మామూలే. నెలకు అర లీటరు కూలెంట్ పోస్తున్నాను. హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా? – ఖమ్మం పాఠకుడు

అనుమానం సరైనదే, ఇంకా రుజువు కాలేదు. మీరు చెప్పిన వరుస మాత్రం చాలా చెబుతోంది. రాత్రి ఇంజన్ ఆపాక కూడా కూలెంట్‌లో ఒత్తిడి గంటల తరబడి నిలిచి ఉంటుంది. హెడ్‌కు, దాని కింది బ్లాక్‌కు మధ్య బిగించే పలచటి పొరే గ్యాస్కెట్. అందులో సన్నటి దారి ఉంటే ఆ ఒత్తిడికి కూలెంట్ చుక్కచుక్కగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున ఆ సిలిండర్ ప్లగ్గు తడిసి ఉంటుంది కాబట్టి అందులో మంట సరిగా పట్టదు, అదే మిస్సింగ్. ఆ తడి ఆవిరై పోయేదాకా తెల్ల పొగ. మీ బండికి స్కానర్ పెట్టిస్తే పీ0301 నుంచి పీ0304 వరకు ఉన్న కోడ్లలో ఏదో ఒకటి కనిపించవచ్చు. చివరి అంకె సిలిండర్ నంబరు. ఎప్పుడూ ఒకే నంబరు వస్తుంటే వెతకాల్సిన చోటు దొరికినట్టే.

ముందు పొగ సంగతి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. చల్లటి సైలెన్సర్‌లో అవి ఆవిరిగా, చుక్కలుగా కనిపించడం సహజం. ఆ ఆవిరి పల్చగా ఉంటుంది, గజం దూరం పోకముందే గాలిలో కలిసిపోతుంది, సైలెన్సర్ వేడెక్కాక ఆగిపోతుంది. కూలెంట్ పొగ అలా కాదు. దట్టంగా ఉండి గాలిలో కాసేపు వేలాడుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. అందులోని ఇథిలిన్ గ్లైకాల్‌ది ఆ తీపి. ముక్కు దగ్గర పెట్టి పీల్చకండి. రోడ్డు మీద ఒలికిన కూలెంట్‌ను కుక్కలు నాకకుండా కడిగేయండి, అది విషం.

ఇక పరీక్షలు. మొదటిది ఖర్చు లేనిది. రాత్రంతా చల్లారిన బండికి రేడియేటర్ మూత తీసి, మళ్లీ బిగించి, స్టార్ట్ చేసి, పై హోస్ పైపును చేత్తో నొక్కి పట్టుకోండి. చల్లటి ఇంజన్‌లో ఆ పైపు మొదటి రెండు మూడు నిమిషాలు మెత్తగా ఉండాలి. అప్పుడే రాయిలా గట్టిపడితే లోపల ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ గ్యాసు చొరబడుతోంది. వేడి ఇంజన్ మీద మాత్రం ఆ మూత జోలికి పోవద్దు. లోపల నీరు 100 డిగ్రీలు దాటి ఉన్నా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

రెండోది రంగు పరీక్ష. గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి, రేడియేటర్ లేదా డబ్బా మూతి మీద పెట్టి, రబ్బరు బంతితో లోపలి గాలిని ద్రవం గుండా లాగుతారు. కూలెంట్ మీద ఉన్న గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటే నీలం పోయి పసుపు వస్తుంది. అది సిలిండర్ నుంచి వచ్చిన గ్యాసు. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకున్నాకే ఈ పరీక్ష చెయ్యాలి. గొట్టాన్ని పెట్టడానికి మూత తీయక తప్పదు కాబట్టి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, గొట్టం అమర్చి, ఆ తర్వాత ఇంజన్‌ను వేడెక్కనివ్వాలి. ముందే కూలెంట్‌ను రెండు మూడు అంగుళాలు తగ్గించుకోవాలి. కూలెంటే గొట్టంలోకి ఎక్కితే ద్రవం పాడైపోతుంది, ఫలితం కూడా నమ్మడానికి ఉండదు. రంగు మారకపోతే గ్యాస్కెట్ బాగున్నట్టు అనుకోకండి. సన్న లీకుల్లో కూలెంట్ సిలిండర్‌లోకి పోతుంది గానీ గ్యాసు వెనక్కి రాదు. మీది సరిగ్గా అలాంటిదే కావచ్చు.

అందుకే మీకు అసలు తేల్చేది మూడోది, చేతి పంపుతో ఒత్తిడి పరీక్ష. మూత మీద అచ్చువేసిన అంకె చూడండి, 0.9 లేదా 1.1 అని ఉంటుంది, అంటే బార్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె దాకా పంపు కొట్టి వదిలెయ్యండి. అంతకు మించి కొడితే మంచి పైపు కూడా పగులుతుంది. పావుగంటలో ముల్లు దిగి, బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపలే. దిగకపోతే రాత్రంతా అలాగే ఉంచండి. పొద్దున స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఇంధన పంపు ఫ్యూజు తీసి, కాయిళ్ల ప్లగ్గులు ఊడదీసి, ప్లగ్గు గుంతల మీద తెల్ల గుడ్డ పరిచి సెల్ఫ్ కొట్టండి. గుడ్డ మీద పచ్చగానో ఎర్రగానో మరక పడిందా, ఆ సిలిండరే దొంగ.

గుడ్డ తడవకపోయినా ప్లగ్గు గుంతలోంచి సన్న కెమెరా దించి చూడవచ్చు. మామూలు పిస్టన్ తల మీద నల్లటి మసి పేరుకుని ఉంటుంది. కూలెంట్ దిగే సిలిండర్‌లో మాత్రం ఆవిరికి మసి ఊడిపోయి, పిస్టన్ తల తోమిన గిన్నెలా మెరుస్తుంది. మూడు నల్లగా ఉండి ఒకటి మెరుస్తుంటే ఇంక వాదన లేదు.

కంప్రెషన్ పరీక్షను చివరికి ఉంచాను. కూలెంట్ లీకు పట్టడంలో దానికి అంత పేరు లేదు. కూలెంట్ దిగే సిలిండర్ కూడా చాలాసార్లు మంచి అంకే చూపిస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే మాత్రం వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని అర్థం. థ్రోటిల్ పూర్తిగా తెరిచి, ఐదారు చుట్లు తిప్పి చదవాలి. సిలిండర్ల మధ్య తేడా 1 బార్ లోపు ఉండాలి.

ఒక హెచ్చరిక. మిస్సింగ్ కొట్టే బండిని అలాగే నెలల తరబడి నడిపితే కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. కూలెంట్‌లోని సిలికేట్లు, ఫాస్ఫేట్లు ఆక్సిజన్ సెన్సార్ మీద తెల్లటి పెచ్చు కడతాయి. గ్యాస్కెట్ ఖర్చుకు కన్వర్టర్ ఖర్చు తోడవుతుంది.

ప్రశ్న: డీజిల్ బండి. రెండు వారాలకు లీటరు కూలెంట్ మాయం. రంగు పరీక్షలో ద్రవం ఆకుపచ్చకు తిరిగింది. హెడ్ దించి, ఫేసింగ్ (హెడ్ అడుగును గీకి చదును చేయడం) చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయించాను. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. లేత్ పని బాగా చేయలేదా? – అనంతపురం పాఠకుడు

లేత్ వాళ్లను తిట్టకముందు ఈజీఆర్ కూలర్ విప్పి చూడండి. డీజిల్ బండ్లలో కూలెంట్ సైలెన్సర్‌లోకి చేరే రెండో పెద్ద దారి ఇదే. హెడ్ పని అయ్యాక దొరికే దోషి కూడా చాలాసార్లు ఇదే.

ఇంజన్ వదిలే పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి తిప్పిపంపుతారు, దాన్నే ఈజీఆర్ అంటారు. ఆ పొగ వందల డిగ్రీల వేడిలో ఉంటుంది కాబట్టి దారిలో ఒక చిన్న కూలర్ పెడతారు. లోపల సన్న గొట్టాల్లో పొగ, వాటి చుట్టూ కూలెంట్. రోజూ కాగుతూ చల్లారుతూ ఆ గొట్టాల అతుకులు పగులుతాయి. అప్పుడు కూలెంట్ పొగ దారిలోకి దిగి, కొంత తిరిగి సిలిండర్‌లోకి, కొంత నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది.

రంగు పరీక్ష మిమ్మల్ని ఎందుకు మోసం చేసిందంటే, ఈజీఆర్ కూలర్‌లో ఉన్నదీ మండిన గ్యాసే. ఇంజన్ మీద బరువు పడినప్పుడు టర్బో ముందు పొగ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడిని దాటుతుంది. అప్పుడు పగులు గుండా పొగ కూలెంట్‌లోకి ఎక్కుతుంది. ఒత్తిడి తగ్గగానే, లేదా వేడి ఇంజన్ ఆపగానే, అదే పగులు గుండా కూలెంట్ ఇటు దిగుతుంది. ద్రవానికి గ్యాసు ఉందని తెలుస్తుంది గానీ ఏ గుమ్మంలోంచి వచ్చిందో తెలియదు. డీజిల్‌లో ఈ వాయువు పాలు తక్కువ కాబట్టి పసుపు దాకా పోకుండా ఆకుపచ్చ దగ్గరే ఆగడం మామూలే. ఆ రంగును ఫలితంగానే తీసుకోవాలి.

పరీక్ష ఇలా. చల్లటి ఇంజన్‌కు చేతి పంపుతో మూత మీది అంకె దాకా ఒత్తిడి పెట్టి, ఈజీఆర్ వాల్వు దగ్గర పొగ గొట్టం విప్పి టార్చి వేసి చూడండి. ఎండు మసి ఉండాల్సిన చోట తడి బురదలాంటి మసి, లేదా ఆవిరికి కడిగినట్టు శుభ్రంగా ఉన్న లోహం కనిపిస్తే అనుమానం బలపడింది. రూఢి చేసుకోవడానికి కూలర్‌ను ఊడదీసి, కూలెంట్ గొట్టాల్లో ఒకదాన్ని బిగించి మూసి, రెండోదాంట్లోంచి 1.5 నుంచి 2 బార్ గాలి పట్టించి, వేడి నీళ్ల బకెట్‌లో ముంచండి. పొగ మూతుల్లోంచి బుడగలు వస్తే అయిపోయింది. వేడి నీళ్లనే ఎందుకు అన్నానంటే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగుళ్లు వేడికి తెరుచుకుంటాయి. చన్నీళ్లలో పాసైన కూలర్‌ను నమ్మవద్దు.

పగిలిన కూలర్‌కు వెల్డింగ్ పెట్టించడం దండగ, పక్క అతుకు ఇంకో నెలకు పోతుంది. కొత్తదే వెయ్యాలి. రేకు ముక్క పెట్టి ఈజీఆర్‌ను శాశ్వతంగా మూసేస్తామని కొన్ని షాపుల్లో అంటారు. అది పొగ నియమాలకు విరుద్ధం, పైగా బీఎస్6 బండ్లలో చెక్ ఇంజన్ లైటు వెలిగి బండి బలహీనపడుతుంది. మీది డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి అయితే ఆ ఫిల్టర్‌ను కూడా చూపించుకోండి. కూలెంట్‌లోని ఉప్పులు బూడిదగా మారి అందులో కూర్చుంటాయి, మసిలా కాలిపోవు.

ప్రశ్న: ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ తరకలా ఏదో కట్టింది. కూలెంట్ తగ్గడం లేదు. భయపడాలా? – హైదరాబాద్, ఈసీఐఎల్

బండి రోజూ ఎంత దూరం తిరుగుతుందో రాయలేదు. పిల్లల స్కూలు, కూరగాయలు, మళ్లీ ఇల్లు, ఇలా రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడే అయితే ఇంజన్ లోపలి చెమ్మ ఆరదు, మూత చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడే తరక కడుతుంది. తుడిచేసి అవుటర్ రింగ్ రోడ్డు మీద ముప్పావుగంట నడపండి. మళ్లీ కట్టకపోతే మర్చిపోండి. డిప్‌స్టిక్ మీద కూడా కాఫీలో పాలు కలిసిన రంగు ఉంటే అప్పుడు వేరే మాట. స్టార్ట్ చేయకండి. రాత్రంతా ఆగి, ఆయిల్ చాంబర్ కింది బోల్టును ఊడిపోకుండా కొంచెం వదులు చెయ్యండి. కూలెంట్ ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కు చేరి ఉంటుంది, ముందు అదే కారుతుంది. గ్లైకాల్ కలిసిన ఆయిల్‌తో నడిపితే క్రాంక్ బేరింగులు తొందరగా పోతాయి.

ప్రశ్న: రివర్స్. ఆయిల్‌లో నీళ్లు లేవు, కూలెంట్ డబ్బాలో నల్ల జిడ్డు తేలుతోంది. – కర్నూలు

ఆయిల్ కూలర్ ఉన్న బండి అయితే ముందు దాన్నే చూడండి. నడిచే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి 3, 4 బార్ ఉంటుంది, కూలెంట్‌ది 1 బార్ దగ్గర. ఎక్కువ ఒత్తిడి ఉన్నవైపు నుంచి తక్కువ వైపుకు పోతుంది. అందుకే డబ్బాలో ముందు జిడ్డు కనబడుతుంది. జిడ్డు ఎర్రగా, గులాబీ రంగు క్రీములా ఉండి మీది ఆటోమేటిక్ బండి అయితే గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ చిల్లు పడింది. ఆ సంగతిని రేపటికి వాయిదా వేయకండి. నీళ్లు తగిలిన క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది.

ప్రశ్న: సీఎన్‌జీ కిట్టు ఉన్న ట్యాక్సీ. రేడియేటర్‌లో బుడగలు ఆగడం లేదు, కూలెంట్ తగ్గుతోంది, అప్పుడప్పుడూ పొద్దున మిస్సింగ్. అందరూ హెడ్డే అంటున్నారు. – విజయవాడ

మీ బండిలో ఇంకో అనుమానితుడు ఉన్నాడు, వాణ్ని ఎవరూ పిలిచి అడగలేదు. గ్యాస్ రెడ్యూసర్. గ్యాస్ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో ఉన్న గ్యాసును అది కొద్ది బార్లకు దించుతుంది. అలా దిగేటప్పుడు గ్యాసు విపరీతంగా చల్లబడి రెడ్యూసర్ గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇంజన్ నుంచి వేడి కూలెంట్ పైపులు రెండు దాని ఒంట్లోకి తెచ్చి తిప్పుతారు. లోపలి రబ్బరు రింగు గానీ డయాఫ్రమ్ గానీ పోతే గ్యాసు కూలెంట్‌లోకి పోయి బుడగలు లేస్తాయి. ఇంజన్ ఆపాక గ్యాసు ఒత్తిడి దిగిపోతే కూలెంట్ గ్యాసు దారిలోకి నడిచి ఇంజెక్టర్ల దాకా పోతుంది. లక్షణాలన్నీ హెడ్ గ్యాస్కెట్‌వే, హెడ్‌కు ఏ పాపం తెలియదు. ఎల్‌పీజీ కిట్లలోనూ వేపరైజర్‌ది ఇదే కథ.

తేల్చడం సులువు. గ్యాస్ సిలిండర్ దగ్గరి చేతి వాల్వు మూసి, పైపులో మిగిలింది ఖర్చయ్యాక పెట్రోలు మీద అరగంట నడిపి చూడండి. బుడగలు ఆగిపోతే రెడ్యూసర్. పెట్రోలు మీద కూడా వస్తుంటే అప్పుడు పై పరీక్షలు. మూత దగ్గర అగ్గిపుల్లతో పరీక్షించే మహానుభావులను దూరంగా ఉంచండి. ఇంకో సంగతి, సీఎన్‌జీలో హైడ్రోజన్ పాలు ఎక్కువ కాబట్టి మండితే నీటి ఆవిరి కూడా ఎక్కువే పుడుతుంది. డిసెంబరు పొద్దున మీ సైలెన్సర్ పక్క బండి కంటే ఎక్కువ తెల్లగా వదిలితే అదొక్కటే రోగం కాదు.

ప్రశ్న: రాత్రి బాగానే ఆపాను. పొద్దున సెల్ఫ్ కొడితే 'టక్' మని ఒక్క శబ్దం, ఇంజన్ తిరగలేదు. బ్యాటరీ కొత్తది. – రాజమహేంద్రవరం

కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, తోయించి స్టార్ట్ చేయించే ప్రయత్నం అసలే వద్దు. సిలిండర్‌లో కూలెంట్ నిండి ఉండవచ్చు. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులన్నీ విప్పి, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు గానీ ఇంజెక్టర్లు గానీ తీసి, ముందు స్పానరుతో క్రాంక్ పుల్లీని చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరిగితే రెండు క్షణాలు సెల్ఫ్ కొట్టండి. ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, నీరు తుపాకీ గుండులా వస్తుంది.

ప్రశ్న: హెడ్ పని తప్పదని తేలింది. మెకానిక్ దగ్గర ఏమేం అడగాలి? – కరీంనగర్

మొదట అడగాల్సింది ఫేసింగ్ గురించి కాదు, కొలత గురించి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే, బోల్టులు అంచుల నుంచి మధ్యకు వరుసలో వదులు చేసి హెడ్ దించాలి. వేడి మీద దించితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. తర్వాత ఉక్కు స్కేలు అంచున నిలబెట్టి, పొడుగునా, అడ్డంగా, రెండు మూలల నుంచీ ఫీలర్ గేజి (కొలిచిన మందం ఉన్న పలచటి రేకు) దూర్చి చూడాలి. చాలా చిన్న కార్లకు 0.05 మిల్లీమీటరు హద్దు. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెదే తుదిమాట. ఆ రేకు దూరిందా, ఫేసింగ్ కావాలి. దూరకపోతే అనవసరంగా గీకించకండి. డీజిల్ హెడ్‌ను గీకితే పిస్టన్‌కు, వాల్వులకు మధ్య ఖాళీ తగ్గుతుంది, కొన్ని కంపెనీలు గీకడమే ఒప్పుకోవు. చాలా డీజిల్ ఇంజన్లకు గ్యాస్కెట్‌లే మందాన్ని బట్టి రకరకాలుగా వస్తాయి, అంచున గంట్లు లేదా చిల్లులు లెక్కపెట్టి పాతదానికి సరిపోయేది తెచ్చుకోవాలి. బ్లాక్ పై ముఖాన్ని కూడా అదే స్కేలుతో కొలవమనండి. ఈ పనిని చాలామంది ఎగ్గొడతారు.

వంపు లేదంటే పగులు లేదని కాదు. హెడ్‌ను లేత్ షాపులో నీటి దారులు మూయించి, వేడి నీళ్లలో ముంచి, గాలి పట్టించి చూడాలి. వాల్వు సీట్ల మధ్య జుట్టులాంటి పగులు కంటికి ఆనదు.

పాత గ్యాస్కెట్ ముక్కలను గ్రైండర్‌కు తగిలించిన ఎమరీ బిళ్లతో రుద్దితే ఊరుకోకండి. ఆ పొడి ఆయిల్ దారుల్లోకి చేరి బేరింగులను తినేస్తుంది, గ్యాస్కెట్ కూర్చునే చోట గుంట కూడా పడుతుంది. ప్లాస్టిక్ గీకుడు బద్ద చాలు. బోల్టు గుంతల్లో కూలెంట్ గానీ ఆయిల్ గానీ నిలిచి ఉండకూడదు. బోల్టు బిగించేటప్పుడు ఆ ద్రవం పోయేదారి లేక బ్లాక్‌నే పగలగొడుతుంది. ఇప్పటి బండ్లలో చాలావాటి హెడ్ బోల్టులు సాగేలా చేసినవి, ఒకసారి విప్పితే కొత్తవే వెయ్యాలి. బిగింపు మధ్య నుంచి అంచులకు, ముందు తక్కువ టార్క్, తర్వాత డిగ్రీల లెక్కన. చేతి అంచనాకు ఇక్కడ తావు లేదు.

కూలెంట్ పోసేటప్పుడు బండి ముక్కు ఎత్తులో పెట్టి, హీటర్‌ను పూర్తి వేడి మీద ఉంచి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా గాలి తీయాలి. మొదటి రెండు రోజులు మట్టం కొంచెం దిగితే, ఒకటి రెండు బుడగలు వస్తే కంగారు పడకండి, దాక్కున్న గాలి బయటపడుతోంది. పాత ఆయిల్‌లో కూలెంట్ కలిసి ఉంటే కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి పది నిమిషాలు ఊరికే నడిపి, దాన్నీ పారబోసి మళ్లీ కొత్తది పొయ్యాలి.

అసలు గ్యాస్కెట్ ఎందుకు పోయిందో కూడా తేల్చమనండి. ఫ్యాను రిలే, థర్మోస్టాట్, పూడిన రేడియేటర్, వీటిలో ఏదో ఒకటి బండిని ఎప్పుడో అతిగా వేడెక్కించి ఉంటుంది. బోరు నీళ్లతోనే ఏళ్లుగా నెట్టుకొచ్చిన బండి అయితే హెడ్‌లో నీటి చిల్లుల చుట్టూ అల్యూమినియం పురుగు తిన్నట్టు ఉంటుంది. ఉత్త నీళ్లలో తుప్పును ఆపే మందులు ఉండవు, మన బోరు నీళ్లలో గారకట్టే ఉప్పులు ఉంటాయి. రెండూ కలిసి గ్యాస్కెట్ అంచును తినేస్తాయి. డిస్టిల్డ్ నీళ్లలో సగానికి సగం కూలెంట్ కలపండి, లేదా ముందే కలిపి అమ్మేది పొయ్యండి.

ప్రశ్న: రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని డ్రైవర్ అన్నాడు. నిజమేనా? – శ్రీకాకుళం

రేడియేటర్ సన్న చిల్లుకు కాసేపు ఆగుతుంది. అడవి మధ్య ఘాట్ రోడ్డులో ఇరుక్కుంటే ఊరు చేరడానికి పనికొస్తుంది. సిలిండర్‌లోకి పోయే లీకుకు మాత్రం దండగ. అక్కడ మండేటప్పుడు పదుల బార్ల ఒత్తిడి పుడుతుంది, పసుపు ముద్ద దాని ముందు నిలవదు. ఆ ముద్ద వెళ్లి హీటర్ సన్న గొట్టాల్లో, రేడియేటర్ గొట్టాల్లో కూర్చుంటుంది, తర్వాత బండి అసలే వేడెక్కుతుంది. సీసాల్లో అమ్మే లీకు మందులదీ దాదాపు అదే లెక్క. వేసి ఉంటే మెకానిక్‌కు దాచకుండా చెప్పండి, హెడ్ పనితో పాటు రేడియేటర్‌ను కూడా కడగాల్సి వస్తుంది.